గట్టిమేళంలో తప్పిన దెబ్బ

మైకు సెట్టు పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ బాక్సులు మంచివి? ఏ ప్లేయర్ మంచిది? రెండిటికీ జవాబు చెబుతాను. అయితే ఆ మాత్రం చెప్పడానికి నేనక్కర్లేదు, విజయవాడలో ఏ కొట్టువాడైనా చెబుతాడు. వాళ్ళు అడగని ప్రశ్న ఒకటుంది. దాని కోసమే ఇది రాస్తున్నాను. నువ్వు మోగించే శబ్దం ఎవరిది? అది మోగుతున్నంతసేపూ ఎవరు మూగగా కూర్చున్నారు?

జగ్గయ్యపేటలో పని నేర్చుకున్నాను. నందిగామలో కొట్టు పెట్టాను. మైకు సెట్లు అద్దెకిచ్చాను, టేపురికార్డర్లు బాగు చేశాను, ఆ తర్వాత చిన్న చిన్న ప్లేయర్లలో పాటలు ఎక్కించాను. ఏ నాయకుడి సభకు బాక్సులు కట్టానో, ఎవరెవరు శాలువాలు కప్పారో ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. నేను హేతువాదిని. హేతువాదుల ఆదివారం చర్చా వేదికలో కూర్చుని మాట నేర్చుకున్నవాణ్ణి. దిష్టి మీదా, ముహూర్తాల మీదా కరపత్రాలు రాసి బస్టాండులో పంచాను. ఆ విషయాల్లో నా అభిప్రాయం ఇప్పటికీ వీసమెత్తు మారలేదు. ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివి ‘చూశారా, నాస్తికుడు దారికొచ్చాడు’ అని సంబరపడేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకు ఆ సంబరం దక్కనివ్వను. నమ్మకాలను ప్రశ్నించినందుకు నాకు సిగ్గు లేదు. నిజమైన మాటను నా తప్పు మీద దుప్పటిలా కప్పినందుకు సిగ్గు.

కోటయ్య గారు

నాకు పని నేర్పింది కోటయ్య గారు. జగ్గయ్యపేట బస్టాండుకు దగ్గర్లో ఆయన మైకు సెట్టు కొట్టు. తొంభైల మొదట్లో అంతా క్యాసెట్లే. పాట ఎక్కడ మొదలవ్వాలో అక్కడిదాకా క్యాసెట్టును పెన్సిలుతో తిప్పి పెట్టుకోవాలి. మిషన్‌లో పెట్టి వెనక్కి తిప్పితే టేపు సాగుతుందని ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, పెన్సిలే ఉండేది.

పెళ్ళిళ్ళలో ఆయనకొక పద్ధతి ఉండేది. వచ్చేవాళ్ళకు, పోయేవాళ్ళకు, భోజనాల దగ్గర పాటలు మనవి. పీటల దగ్గర మాత్రం మేళం వాళ్ళది. డోలు ముందొక మైకు, సన్నాయి ముందొక మైకు పెట్టి మనం చేతులు కట్టుకుని నిలబడాలి. పురోహితుడు చెయ్యెత్తి ‘గట్టిమేళం’ అనగానే డోలు, సన్నాయి ఒక్కసారిగా ఉరుముతాయి. ఆ ఉరుములో తాళి పడుతుంది, అక్షింతలు పడతాయి. తాళి కట్టే క్షణంలో తుమ్ముగానీ ఏడుపుగానీ చెడ్డ మాటగానీ చెవిన పడకూడదని ఆ ఏర్పాటు.

నాకు అప్పుడు కొత్త నెత్తురు. ఊరుకోలేదు.

“తుమ్మితే కాపురం చెడుద్దా కోటయ్య గారూ? తుమ్ముకీ కాపురానికీ సంబంధం ఏంటి? ఆధారం చూపించండి.”

“నన్నడుగుతావేంట్రా? నేను తుమ్మలా.”

“పోనీ శబ్దమే కావాలనుకుంటే క్యాసెట్ పెడితే సరిపోద్దిగా? ఇంతమందిని పిలవడం దేనికి?”

ఆయన పెన్సిలుతో క్యాసెట్టు తిప్పడం ఆపాడు. “డోలు ఆయన్ని ఎప్పుడన్నా చూశావా? వాయించేటప్పుడు డోలు వంక చూడడు. పంతులుగారి మొహం వంక చూస్తుంటాడు. చెయ్యి లేచేలోపే తెలిసిపోద్ది ఆయనకి. నీ మిషన్ ఎవరి మొహం చూస్తుందిరా?”

ఆ మాటను నేను వాదనగా లెక్కపెట్టలేదు. అందులో ఆధారం లేదనుకున్నాను. చర్చల్లో తయారైనవాళ్ళకు ఒక జబ్బుంటుంది. ఎదుటివాడు మన పద్ధతిలో చెప్పకపోతే అసలు చెప్పలేదనుకుంటాం.

గారు

నందిగామలో కొట్టు పెట్టాక ఎక్కువ పెళ్ళిళ్ళలో నాకు కలిసిన మేళం వెంకటేశ్వర్లు గారిది. ఆయనది డోలు. తమ్ముడు నాగరాజుది సన్నాయి. నాయీబ్రాహ్మణ కుటుంబం. పెళ్ళికొడుక్కి గోళ్ళు తీయడం దగ్గర్నుంచి తాళి దగ్గర మేళం దాకా వాళ్ళే ఉండాలి. కానీ వాళ్ళ విస్తరి మాత్రం చివరి బంతిలో, పందిరి అంచున. పిల్లలు కూడా ఆయన్ని ‘ఒరే వెంకటేశ్వర్లూ’ అని పిలిచేవాళ్ళు.

నేను ‘గారూ’ అన్నాను. నాకంటే పెద్దవాడు, విద్య ఉన్నవాడు, అనాలి కూడా. అది తప్పు కాదు. కానీ అన్న ప్రతిసారీ చుట్టూ ఎవరు విన్నారో చూసుకునేవాణ్ణి. అది తప్పు.

ఒక పెళ్ళిలో భోజనాల తర్వాత ఆయన్ని పట్టుకుని చెప్పాను. “ఈ మేళం మీ మెడకు కట్టిన గుదిబండ వెంకటేశ్వర్లు గారూ. మీ తాత వాయించాడు కాబట్టి మీరు వాయించాలి. ఇది కళ కాదు, కులం. మానెయ్యండి.”

“మానేసి?”

“ఇంకో పని చేసుకోండి.”

“ఏ పని మైకు బాబూ?”

నా దగ్గర పని లేదు, సిద్ధాంతం ఉంది. “ముందు సమాజం మారాలి,” అన్నాను.

ఆయన ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. “అట్టాగేనండి. అది మారేదాకా వాయిస్తుంటా. మారినాక కబురు పెట్టండి.”

నాగరాజు సన్నాయికి గుడ్డ చుడుతూ పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజుల్లో మా మధ్య స్నేహం ఉందనే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. అందుకే తర్వాత జరిగింది రాయడం కష్టంగా ఉంది.

సున్నపుకాయంత పెట్టె

క్యాసెట్టుకు ఎండ పడదు. మా వైపు ఎండలకు లారీ అద్దం దగ్గర పెట్టిన క్యాసెట్టు అప్పడంలా వంకర తిరిగేది. తర్వాత సీడీలు వచ్చాయి. వాటికి గతుకు పడదు. మెట్ట రోడ్ల మీద జీపులో సీడీ పెడితే పాట నత్తిగా వచ్చేది. ఆ తర్వాత, రెండువేల సంవత్సరం దాటాక, తాంబూలం వేసుకునేవాళ్ళు మొలలో దోపుకునే సున్నపుకాయంత ఉండే డిజిటల్ ప్లేయర్ వచ్చింది. లోపల తిరిగేది ఏమీ లేదు. సాగేది లేదు, గీత పడేది లేదు. ఒక సన్న బ్యాటరీ, నాలుగు బటన్లు. విజయవాడ నుంచి మొదటిది తెచ్చిన రోజు బస్సులో దాన్ని చెవిలో పెట్టుకుని, కీసర దాటేదాకా కళ్ళు తెరవలేదు. బస్సు గతుకుల్లో ఎగురుతోంది, పాట మాత్రం కదలడం లేదు. మనిషి బుద్ధి మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపైంది. ఆ గౌరవం తప్పని ఇప్పటికీ అనను.

కొట్లో కంప్యూటర్ పెట్టి పాటలు ఎక్కించడం మొదలుపెట్టాను. సున్నపురాయి గనుల నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి టిప్పర్లు తోలేవాళ్ళు వచ్చేవాళ్ళు. మిషన్ కుట్టే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. పరీక్షలకు చదివే పిల్లలు పాఠాలు చదివి అందులో నింపుకుని వినేవాళ్ళు.

వత్సవాయి నుంచి ఒక ట్రాక్టర్ డ్రైవర్ వచ్చి, “అన్నా, ఈ పాటొక్కటే నింపెయ్,” అన్నాడు.

“ఒకసారి ఎక్కిస్తే చాలు తమ్ముడూ. మళ్ళీ మళ్ళీ తిప్పే బటన్ ఉంది.”

“ఆ బటన్ సంగతి నాకు తెలుసులే. గతుక్కి అదే మారిపోద్ది. దమ్ములో దిగి బురద చేత్తో దాన్నెక్కడ నొక్కను? నింపెయ్.”

పెట్టె నిండేదాకా అదే పాట ఎక్కించాను. మనసులో నవ్వుకున్నాను. నిజానికి ఆయన అడిగిందే సరైనది. పనిముట్టు ఎలా ఉండాలో దాన్ని పట్టుకునే చెయ్యి చెప్పాలి. ఇది రాసి పెట్టుకోండి.

జగ్గయ్యపేటలో బట్టల వ్యాపారం చేసే ఒకాయన ఇంకో రోజు ప్లేయర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. “మా బామ్మర్ది చూసి ‘ఎంత బాగుందో బావా’ అన్నాడండి. అంతే, ఆగిపోయింది. దిష్టి.”

చూస్తే పక్కనున్న చిన్న తాళం మీట జరిగి ఉంది. జేబులో బటన్లు నొక్కుకుపోకుండా పెట్టే మీట అది. జరిపాను, పాట వచ్చింది. ఆయన దండం పెట్టబోయాడు. నేను వదల్లేదు. కొట్లో ఉన్నవాళ్ళందరినీ దగ్గరికి పిలిచి ఉపన్యాసం ఇచ్చాను. “యంత్రానికి దిష్టి ఉండదు, సెట్టింగు ఉంటుంది!” అన్నాను. అందరూ నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. ప్లేయర్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే కార్డు ముక్క మీద రాసి గోడకు అంటించాను. అది నాకే పనికొచ్చే రోజు వస్తుందని అప్పుడు తెలియదు.

ఒక బియ్యపు గింజ

నందిగామలో ఒక పెళ్ళికి వెంకటేశ్వర్లు గారి మేళం, నా మైకు. మిక్సర్ నుంచి తీగ తీసి ప్లేయర్‌కి తగిలించి మేళం మొత్తం రికార్డు చేశాను. ముందే అడిగాను. “చేసుకోండి, దానికేముంది,” అన్నాడాయన.

పెళ్ళయ్యాక ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టాను. అన్నేళ్ళు వాయించినవాడు తన మేళాన్ని బయటి నుంచి ఎప్పుడూ వినలేదు. మొదట భయపడ్డట్టు నా వంక చూశాడు. తర్వాత మొహమంతా విచ్చుకుంది. “నేనేనా ఇది? ఒరే నాగరాజూ, ఇటు రా, నువ్వెంత బాగా ఊదావో విను!” అని అరిచాడు. చెవుల్లో మేళం ఉంది కదా, తాను ఎంత గట్టిగా అరుస్తున్నాడో ఆయనకు తెలియలేదు. వంటవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

గట్టిమేళం దగ్గరికి వచ్చేసరికి ఆ మొహం ముడుచుకుంది.

“ఇక్కడ తప్పింది.”

“ఎక్కడ?”

“ఇదుగో, ఇక్కడ. ఒక దెబ్బ పోయింది. అక్షింతలు వేశారు చూడండి, బియ్యపు గింజ నా కంట్లో పడింది. పుల్ల జారింది. సన్నాయి ఒంటరిగా పోయింది పాపం. ఇది తీసేసి మళ్ళీ తీయండి మైకు బాబూ. ఇప్పుడే వాయిస్తాం, కూర్చోరా నాగరాజూ.”

మళ్ళీ విన్నాను. నిజమే. ఉరుములా సాగుతున్న డోలు ఒక్క దెబ్బ పాటు మాయమై మళ్ళీ అందుకుంది. అప్పటికే నేను తీగలు చుట్టేశాను. ఆటో వచ్చి నిలబడింది.

“పర్లేదులెండి వెంకటేశ్వర్లు గారూ, ఎవరికి తెలుస్తుంది?” అన్నాను.

ఎవరికి తెలుస్తుంది! ప్రతి మాటకూ ఆధారం అడిగేవాడు అనవలసిన మాటేనా ఇది?

మేళం లేని పెళ్ళి

మేళానికి మనుషుల్ని మాట్లాడటం, వాళ్ళకు బస, భోజనం, తాంబూలం, పంచెలు, ఇవన్నీ చాలా ఇళ్ళలో బరువుగా అనిపించేవి. నా పెట్టెలో మేళం ఉందని తెలిశాక, ఇక మేళం ఎందుకనే ఆలోచన రావడం సహజం. మొదట ఎవరు అడిగారో గుర్తు లేదు. నేను వద్దనలేదన్నది గుర్తుంది.

వద్దనకపోగా దానికొక సిద్ధాంతం కుట్టాను. కులాన్ని బట్టి వాయించే చాకిరీ పోతోంది, యంత్రానికి కులం లేదు, ఇది సంస్కరణ అని చెప్పాను. చర్చా వేదికలో ఈ మాట అంటే చప్పట్లు కొట్టారు. కులవృత్తి పోవాలన్నది నిజమే. కానీ కులం పోయిందా? చివరి బంతి పోయిందా? ‘ఒరే’ పోయిందా? ఏదీ పోలేదు. పెళ్ళికొడుకు గోళ్ళు తీయడానికి ఆయన్ని పిలుస్తూనే ఉన్నారు. ఆయన పనుల్లో ఏ ఒక్కదానికి నలుగురూ తలెత్తి చూసేవారో, అది ఒక్కటే పోయింది. ఆయనకు గారు ఇచ్చి మేళం తీసుకున్నాను.

తోటి మైకు సెట్ల వాళ్ళు వచ్చి, “అన్నా, ఆ మేళం మాకూ ఎక్కించవా,” అంటే ఎక్కించాను. క్యాసెట్టైతే ఒకటి చేస్తే ఒకటే, అదీ నకలు తీసేకొద్దీ అరుగుతుంది. ఇది అరగదు. ఎన్నిసార్లు తీసినా మొదటిదీ చివరిదీ ఒకటే. ఆ గుణం చూసి మురిసిపోయాను. నందిగామ, జగ్గయ్యపేట, వీరులపాడు, వత్సవాయి, ఎక్కడ తాళి కట్టినా వెంకటేశ్వర్లు గారే వాయిస్తున్నారు. ఇంట్లో కూర్చుని.

నాగరాజు హైదరాబాదులో సెలూన్‌లో పనికి వెళ్ళిపోయాడు. వెంకటేశ్వర్లు గారు నాతో గొడవ పడలేదు. దారిలో కనిపిస్తే, “బాగున్నారా మైకు బాబూ,” అనేవాడు. నేనే అవతలి పక్క నుంచి నడవడం మొదలుపెట్టాను.

వీరులపాడు దగ్గర పెళ్ళి

వీరులపాడు దగ్గర ఒక ఊళ్ళో రామచంద్రయ్య అనే పత్తి రైతు తన కూతురి పెళ్ళికి నన్ను పిలిచాడు. పొద్దున ముహూర్తం. ఇంటి ముందు షామియానా. నా పెట్టె పొద్దుట్నుంచే మేళం మోగిస్తోంది. పందిరి అంచున చాప మీద వెంకటేశ్వర్లు గారు కూర్చుని ఉన్నారు. పెళ్ళికొడుకు గోళ్ళు తీయడానికి వచ్చారట. నన్ను చూసి తల ఊపారు. నేను మిక్సర్ వంక చూస్తూ ఊపాను.

జీలకర్ర బెల్లం అయింది. పురోహితుడు విసుక్కున్నాడు. “కాసేపు ఆ మోత ఆపవయ్యా, మంత్రం నాకే వినపడట్లేదు.”

ఆపాను. గట్టిమేళం ట్రాక్ దగ్గర పెట్టి, నొక్కితే చాలన్నట్టు ఉంచాను. మంగళసూత్రాల పళ్ళెం పెద్దలు ముట్టుకోవడానికి పందిరంతా తిరిగింది. ఎవరో ముసలాయన అద్దాల కోసం వెతుక్కున్నాడు, ఇంకెవరో భోజనాల దగ్గరికి వెళ్ళి ఉంటే పిలుచుకొచ్చారు. చాలాసేపు పట్టింది. చివరికి పెళ్ళికొడుకు లేచి, తాడు పెళ్ళికూతురి మెడ చుట్టూ పెట్టాడు. పురోహితుడు చెయ్యెత్తాడు.

“గట్టిమేళం!”

నొక్కాను. ఏమీ లేదు.

“గట్టిమేళం! గట్టిమేళం!”

మళ్ళీ నొక్కాను. తెర నల్లగా ఉంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే బ్యాటరీ మిగల్చడానికి దానంతటదే ఆగిపోయే సెట్టింగు ఒకటి అందులో ఉంది. నేను ఎప్పుడూ చూసుకోలేదు. యంత్రానికి దిష్టి ఉండదు, సెట్టింగు ఉంటుంది.

పందిరిలో అందరూ గుప్పిట్లో అక్షింతలతో లేచి నిలబడ్డారు. ఒక్క చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో షామియానా వెనక నుంచి వంటవాడి గొంతు ఖంగుమని మోగింది.

“ఒరేయ్, ఆ జల్లిగరిటె ఎక్కడ చచ్చిందిరా?”

ఆ మాట పందిరి మీద నిలబడిపోయింది. “ఆగరా!” అంది పెళ్ళికొడుకు తల్లి. అతని చేతులు ఆగాయి. పసుపుతాడు ముడి పడకుండా ఆ అమ్మాయి మెడ మీద వేలాడుతోంది. ఆమె తల ఎత్తలేదు.

అప్పుడు నేను చేసిన పని ఇది. మైకు తీసుకున్నాను. మైకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

“పెద్దలు శాంతించాలి,” అన్నాను. “మాటకు శుభం, అశుభం ఉండవు. గరిటెకు చావు లేదు, బతుకు లేదు. మేళం మోగినంత మాత్రాన కాపురాలు నిలబడవు, మోగకపోతే కూలిపోవు. ఇది మూఢనమ్మకం. బాబూ, నువ్వు చదువుకున్నవాడివి, ముడి వెయ్యి.”

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

పెళ్ళికొడుకు మేనమామ, మీసాలాయన, నా వైపు తిరిగాడు. “ఆహా! మేళం అక్కర్లేనిదైతే పొద్దుట్నుంచి మా చెవులు ఎందుకు బద్దలు కొట్టావయ్యా? నీ డబ్బా పలికుంటే ఈ ఉపన్యాసం ఇచ్చేవాడివా?”

వెనక ఎవరో నవ్వారు. ఎన్నో వాదనలు గెలిచినవాణ్ణి. ఆయన అన్నది నిజం. ఇచ్చేవాణ్ణి కాదు. డబ్బా పలికుంటే నోరెత్తకుండా సెట్టు సర్దుకుని ఇంటికి పోయేవాణ్ణి.

రామచంద్రయ్య పందిరి అంచుకు పరిగెత్తాడు. “వెంకటేశ్వర్లూ, నువ్వన్నా వాయించరా!”

ఆయన లేచి చేతులు కట్టుకున్నారు. “పొద్దుట్నుంచీ నేనే వాయిస్తున్నా కదండీ, ఆ పెట్టెలో. ఇప్పుడూ దాన్నే అడగండి.”

“ఎగతాళికి ఇదా టైము? పిల్ల మెడలో తాడు చూడరా. బండి పంపిస్తా, డోలు తెప్పిస్తా.”

“ఎగతాళి కాదండి.” ఆయన గొంతు తగ్గింది. “డోలు లేదు. వాయించని డోలుకి తోలు నిలవదండి. ఎలకలు కొట్టేసినయ్.”

నా వేలు ఇంకా బటన్ మీదే ఉంది. ఆ ఒత్తిడికో ఏమో పెట్టె మేలుకుంది. తెర వెలిగింది. ఎవరూ అనుకోని క్షణంలో బాక్సులన్నీ ఒక్కసారిగా గట్టిమేళంతో ఉరిమాయి. పురోహితుడు ఇంక ఎవరినీ అడగలేదు. పెళ్ళికొడుకు భుజం తట్టాడు. ముడి పడింది. అక్షింతలు పడ్డాయి. ఆ అమ్మాయి తల్లి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

నేను వాళ్ళ వంక చూడలేదు. వెంకటేశ్వర్లు గారి చేతుల వంక చూశాను. ఆయన మళ్ళీ చాప మీద కూర్చున్నారు. కుడిచేతి వేళ్ళు మోకాలి మీద, ఎడమ చెయ్యి గాలిలో, పుల్ల పట్టుకున్నట్టు. మేళంతో పాటు ఆడుతున్నాయి. ఆ చోటు వచ్చింది. బాక్సుల్లో దెబ్బ తప్పింది. ఆయన చెయ్యి మాత్రం తప్పలేదు. మోకాలి మీద సరిగ్గా పడింది. తర్వాత ఆయన ఒక చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆయన అడిగింది

భోజనాల దగ్గర ఆయన పక్కకు వెళ్ళి కూర్చున్నాను. ఆ బంతిలో కూర్చోవడం అదే మొదటిసారి. సమానత్వం మీద అన్ని కరపత్రాలు రాసినవాణ్ణి, ఎప్పుడూ మొదటి బంతిలోనే తినేవాణ్ణి.

“తప్పు చేశానండీ,” అన్నాను.

“పెళ్ళి ఆగలేదుగా, పోనీయండి.” అన్నం కలుపుకున్నారు. “ఒకటి అడుగుతా. చేస్తారా?”

నష్టపరిహారమో, కొట్లో పనో అడుగుతారనుకున్నాను. ఏది అడిగినా ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాను. ఒప్పుకుంటే నా మనసు తేలికపడుతుందని కూడా లెక్క వేసుకున్నాను.

“ఆ గింజ పడ్డ చోటు తీసెయ్యండి మైకు బాబూ. ఎక్కడికి పోయినా అదే తప్పు వినపడుతోంది. మొన్న వత్సవాయిలో మా చుట్టాల పెళ్ళి. అక్కడా అదే. మా వాళ్ళలో వాయించేవాళ్ళు కూర్చుని, ‘వెంకటేశ్వర్లు తాళి దగ్గర తడబడ్డాడ్రా’ అని నవ్వుకుంటున్నారు. ఇన్నేళ్ళలో తాళి దగ్గర నా దెబ్బ ఎప్పుడన్నా తప్పిందా? మీకు తెలుసుగా. ఒక్కసారి తప్పింది. ఆ ఒక్కసారే పెళ్ళి పెళ్ళికీ తప్పుతోంది. నేనా రోజే చెప్పా, మళ్ళీ తీయమని.”

కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చోటు సరిచేశాను. అదే మేళంలోంచి ఒక దెబ్బ తీసి ఖాళీలో అతికించాను. కష్టమైన పని కాదు. మొదటి రోజే చేయగలిగిన పని. అది పట్టుకుని మైకు సెట్ల వాళ్ళందరి దగ్గరికీ తిరిగాను. నందిగామలో ఒకరిద్దరు మార్చుకున్నారు. మిగతావాళ్ళు నవ్వారు. జగ్గయ్యపేటలో ఒకాయన టీ తెప్పించి, “ఈ ఎండలో దీని కోసం వచ్చావా అన్నా? ఒక్క దెబ్బ! ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు.

నేను పెంచిన మాట నాకే ఎదురొచ్చింది. అప్పటికే సెల్‌ఫోన్లు వచ్చేశాయి. వాటిలో గోరంత కార్డులు. నా చేతిలోంచి పోయింది ఎన్ని జేబుల్లోకి వెళ్ళిందో చెప్పే దారి లేదు. అరగదని మురిసిపోయాను చూడండి, నిజంగానే అరగలేదు.

సరిచేసింది వెంకటేశ్వర్లు గారికి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. “బాగుంది,” అన్నారు. ఇయర్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, “కానీ పెళ్ళిళ్ళలో మోగేది ఇది కాదుగా,” అన్నారు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. వాయించినవాడు ‘మళ్ళీ తీయండి’ అంటే చుట్టేసిన తీగలు విప్పండి. ఆటో ఆగుతుంది. ఒక మనిషి చోటులో యంత్రాన్ని పెట్టేటప్పుడు దానికి సంస్కరణ అని పేరు పెట్టకండి. ఆ మనిషికి వేరే చోటు చూపించాక పెట్టండి. చూపించలేకపోతే కనీసం పేరు పెట్టకుండా ఊరుకోండి.

నేను పెళ్ళిళ్ళకు ఇప్పటికీ వెళతాను. మా వైపు ఫంక్షన్ హాళ్ళలో ఇంకా ఆ మేళమే. పురోహితుడు చెయ్యెత్తుతాడు, హాలంతా ఉరుముతుంది, అందరూ తాళి వంక చూస్తారు. నేను ఆ చోటు కోసం ఎదురుచూస్తాను. వస్తుంది. దెబ్బ తప్పుతుంది. సన్నాయి ఒక్క క్షణం ఒంటరిగా పోతుంది. అక్షింతల పళ్ళెం నా ముందుకు వస్తే చెయ్యి చాచను. నమ్మకం లేదు కాబట్టి తీసుకోడని మా వాళ్ళు అనుకుంటారు. ఒకప్పుడు అది నిజం. ఇప్పుడు ఆ పళ్ళెంలో నాకు ఒక్క గింజే కనిపిస్తుంది.